రెండు గ్లాసుల పద్ధతి: విస్కీని పోల్చి చూడడం ఎలా

"ఏ విస్కీ మంచిది?" అని ఎవరైనా అడిగితే నేను పేరు చెప్పను. రెండు గ్లాసులు తెచ్చి ముందు పెడతాను. నేను పనిచేసేది ఔషధాల నాణ్యత పరీక్షించే ప్రయోగశాలలో. అక్కడ ఏ నమూనానూ ఒంటరిగా పరీక్షించం. పక్కన ప్రామాణిక నమూనా ఒకటి ఉండాల్సిందే, దానితో పోల్చాకే ఏ అంకె అయినా కాగితం మీదికి ఎక్కుతుంది. నాలుక విషయంలోనూ ఇదే పద్ధతి. ఒక్క విస్కీ తాగితే "బాగుంది", "ఘాటుగా ఉంది" అన్న రెండు మాటల దగ్గరే ఆగిపోతాం. పక్కన ఇంకొకటి ఉందనుకోండి, "ఇది దానికంటే తియ్యగా ఉంది, కానీ చివర్లో వగరు తగులుతోంది" అని ఏ శిక్షణా లేనివాళ్లు కూడా చెప్పేస్తారు.

కాబట్టి మొదట మీకంటూ ఒక ప్రామాణిక సీసా పెట్టుకోండి. అది గొప్పది కానక్కర్లేదు. ఎప్పుడు కొన్నా ఒకేలా ఉండాలి, తేలిగ్గా దొరకాలి, ఏ గుణమూ అతిగా ఉండకూడదు. నా బల్ల మీద ఆ స్థానం గ్లెన్‌ఫిడిక్ 12 ఏళ్లదానిది. పొగ వాసన లేదు, పియర్ పండు లాంటి పరిమళం, 40 శాతం ఆల్కహాల్. అరుదైన సీసాల వెంట పడేవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు, చూడనివ్వండి. నాకు కావలసింది దాని నిలకడ. కొత్తగా ఏది రుచి చూసినా పక్కన ఇది కొంచెం పోసుకుంటాను. జలుబు చేసిన రోజు, నోరు బాగాలేని రోజు ముందు ఇదే పట్టించేస్తుంది. తెలిసిన సీసా తేడాగా అనిపించిందంటే ఆ రోజు ముక్కు సరిగా లేదన్నమాట, పోలికలు మానేసి పడుకోవడం మేలు.

జంటను ఎంచుకోవడం

రెండు సీసాల మధ్య తేడా వీలైనంతవరకు ఒక్కటే ఉండేలా చూసుకోండి. పొగచూరిన స్కాచ్‌నీ, బర్బన్ అనే తియ్యని అమెరికా విస్కీనీ పక్కపక్కన పెడితే ధాన్యం వేరు, పీపా వేరు, వాతావరణం వేరు, బట్టీ వేరు. "ఇది వేరు, అది వేరు" అని తప్ప ఏమీ తేలదు.

అందుకు ముందు లేబుల్ చదవడం రావాలి. స్కాచ్ అనే పేరు పెట్టాలంటే మద్యం స్కాట్లండ్‌లోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో, కనీసం 3 సంవత్సరాలు మాగాలి. సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. సింగిల్ మాల్ట్ అంటే ఒకే బట్టీశాలలో, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ ఒక్కదానితోనే చేసింది. ఒకే పీపా నుంచి తీసిందని చాలామంది అనుకుంటారు కానీ కాదు. మామూలు సింగిల్ మాల్ట్ సీసాలో ఒకే బట్టీశాలలో తయారై ఎన్నో పీపాల్లో మాగిన సరుకు కలిసి ఉంటుంది. లేబుల్ మీద 12 అని ఉంటే, అందులో కలిసినవాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు అది. బర్బన్ నియమాలు వేరు: ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపలివైపు మాడ్చిన కొత్త ఓక్ పీపాలో మాగాలి. కొత్త పీపా అన్న ఆ నియమం వల్ల ఒకసారి వాడిన పీపాలు బర్బన్‌కు పనికిరాక మిగిలిపోతాయి. అవి ఓడెక్కి స్కాట్లండ్ చేరతాయి. మొక్కజొన్న గింజ ఒక్కటి కూడా తగలని స్కాచ్‌లో వెనిలా వాసన వస్తోందంటే ఆ వాడిన చెక్క పుణ్యమే.

పీపా ఏం చేస్తుందో తెలుసుకోవడానికి గ్లెన్‌మోరంగీ ఒరిజినల్, అదే ఇంటి లసాంటా చక్కని జంట. బార్లీ ఒకటే, మెడలు పొడవైన ఆ బట్టీలు ఒకటే. మొదటిది బర్బన్ పీపాల్లో మాగుతుంది. రెండోదాన్ని అలాగే మాగబెట్టి, చివర్లో షెర్రీ వైన్ నిలవ ఉన్న పీపాల్లోకి మారుస్తారు. మొదటిదాంట్లో నారింజ, వెనిలా తేలికగా తగులుతాయి. రెండోదాంట్లో ఎండుద్రాక్ష, మసాలా దినుసులు, కాస్త వగరు. లసాంటా 43 శాతం, ఒరిజినల్ 40. ఆ చిన్న తేడాను ఎలా సరిచేయాలో నీళ్ల దగ్గర చెబుతాను.

పొగ సంగతి తేల్చుకోవాలంటే బ్రుక్‌లాడీ బట్టీశాల వాళ్ల రెండు సీసాలు తీసుకోండి: క్లాసిక్ లాడీ, పోర్ట్ షార్లెట్ 10. రెండూ 50 శాతమే, రెండూ స్కాట్లండ్‌లోని ఐలా దీవిలోనే తయారవుతాయి. మొదటిదాని బార్లీకి పీట్ పొగ పట్టించరు, రెండోదానికి పట్టిస్తారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా కుళ్లి గట్టిపడిన మొక్కల మన్ను, ఎండబెడితే వంటచెరకులా మండుతుంది. ఈ జంట వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఐలా విస్కీ అంటే పొగే అన్న మాట నమ్మినవాళ్లకు క్లాసిక్ లాడీ ఒక్క గుక్కలో జవాబు చెబుతుంది. ప్రాంతాన్ని బట్టి రుచిని ఊహించడం ప్రయాణానికి పనికొస్తుందేమో గానీ గ్లాసు ముందు పనికిరాదు.

పొగ కొలతగా చెప్పే పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అంకె గురించి ఒక మాట. పోర్ట్ షార్లెట్‌కు 40 అంటారు. అది పొగ పట్టించిన బార్లీలో పొగ వాసననిచ్చే ఫినాల్ అణువుల కొలత, సీసాలోని మద్యానిది కాదు. పులియబెట్టి బట్టీ పట్టేసరికి అందులో పెద్ద భాగం పోతుంది. ఎంత పోతుందనేది ఒక్కో బట్టీశాలలో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒకే అంకె ఉన్న రెండు విస్కీల్లో ఒకటి దట్టంగా, ఒకటి పల్చగా పొగచూరి ఉండొచ్చు. నేను ఆ అంకెను పట్టించుకోవడం మానేశాను.

బర్బన్ ఇష్టపడేవాళ్లు ధాన్యంతో మొదలుపెట్టొచ్చు. మేకర్స్ మార్క్‌లో మొక్కజొన్నకు తోడు గోధుమ ఉంటుంది, బఫెలో ట్రేస్‌లో రై అనే ధాన్యం. గోధుమ మెత్తగా జారిపోతుంది, రై మిరియపు ఘాటుతో గుచ్చుతుంది. ఐర్లండ్ వైపు వెళితే, మొలకెత్తించిన బార్లీతో పాటు మొలకెత్తించనిదీ కలిపి చేసే రెడ్‌బ్రెస్ట్‌ను, పూర్తిగా మొలకెత్తించిన బార్లీతోనే చేసే బుష్‌మిల్స్ 10 పక్కన పెట్టండి. రెండూ మూడుసార్లు బట్టీ పట్టినవే. అయినా మొదటిది నాలుక మీద నూనెలా పరుచుకుంటుంది, రెండోది అలా నిలవదు.

వేడి ప్రదేశంలో మాగినదాన్ని రుచి చూడాలంటే బెంగళూరులో తయారయ్యే అమృత్ ఉంది. స్కాట్లండ్‌లో పీపా నుంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైపోతే, అక్కడ సుమారు 10 శాతం పోతుంది. మద్యం, చెక్క అంత వేడిలో త్వరగా కలిసిపోతాయి కాబట్టి దానిమీద వయసు అంకె వెతికి లాభం లేదు. 12 ఏళ్ల స్కాచ్‌తో 12 ఏళ్ల ఉష్ణదేశపు విస్కీని పోల్చాలని ఎవరైనా పట్టుబడితే, ఆవిరి అయ్యాక పీపాలో ఏం మిగులుతుందో లెక్క వేసి చూపిస్తాను.

గ్లాసు, వరస, పరిమాణం

గ్లాసు అడుగున వెడల్పుగా, మూతి దగ్గర సన్నగా ఉండాలి. 2001లో వచ్చిన గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఈ పని కోసమే చేసింది. అది లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. వెడల్పు మూతి గ్లాసులో పరిమళం పైకి రాకముందే గాలిలో కలిసిపోతుంది. అన్నీ ఒకే రకం గ్లాసులు కావాలి, ఇందులో మాత్రం రాజీ వద్దు.

ఒక్కోదాంట్లో 15 మిల్లీలీటర్లు పోయండి. ఒక పూటకు నాలుగు గ్లాసులు దాటనివ్వకండి. ఐదోదానికి ముక్కు పని చేయదు, గొప్పలు మాత్రం పెరుగుతాయి. శాతం తక్కువదాని నుంచి ఎక్కువదానికి, పొగ లేనిదాని నుంచి ఉన్నదానికి వెళ్లాలి. మధ్యలో మంచినీళ్లు తాగుతూ ఉండండి. ఉమ్మేయడం తప్పు కాదు, ఆ పనిలో జీతం తీసుకునేవాళ్లు రోజంతా చేసేది అదే, అందులోనూ ఎక్కువ భాగం వాసన చూడడమే. బండి నడపాల్సిన రోజు ఈ కార్యక్రమం పెట్టుకోకండి.

రంగు చూసి ఏమీ అనుకోవద్దు. స్కాచ్‌లో ఇ150ఎ అనే మాడ్చిన చక్కెర రంగు కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది. బర్బన్‌లో కలపకూడదు. ముదురు రంగు చూడగానే మెదడు "ఎక్కువ ఏళ్లది" అని తీర్పు ఇచ్చేస్తుంది, ముక్కు ఆ తీర్పుకు తలూపుతుంది.

ముక్కుతో

అసలు పని ఇక్కడే ఉంది. పోశాక కొన్ని నిమిషాలు కదపకుండా వదిలేయండి. తర్వాత గ్లాసును గడ్డం దాకా తెచ్చి, పెదవులు కాస్త తెరిచి, నెమ్మదిగా పైకి జరపండి. గ్లాసులో ముక్కు దూర్చి గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ ఆవిరికి ముక్కు మొద్దుబారి, తర్వాత కాసేపు ఏదీ తెలియదు. మొదటిసారి తగిలేది ఆల్కహాలే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రెండోసారి, మూడోసారి వాసన చూసేటప్పటికి దాని వెనక ఉన్నవి బయటపడతాయి. ఒక గ్లాసు, రెండో గ్లాసు, మళ్లీ మొదటిది, ఇలా మార్చి మార్చి చూడండి. మధ్యలో మీ మోచేతి మడత దగ్గర చర్మం వాసన చూస్తే ముక్కు తేరుకుంటుంది.

"నాకేమీ తెలియడం లేదు" అనేవాళ్లకు నేను పేర్లు అందించను, ఒక ప్రశ్న ఇస్తాను: ఈ వాసన ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది? పులియబెట్టినప్పటిదా, చెక్కదా, పొగదా? పండ్ల వాసనలు ఎక్కువగా ఈస్టు పని. అరటిపండులా, పియర్‌లా అనిపించేది ఐసోఎమైల్ అసిటేట్ అనే పదార్థం. వెనిలా, కొబ్బరి, లవంగం చెక్కలోనివి. వెనిలా వాసనకు వెనిలిన్, కొబ్బరి వాసనకు ఓక్‌లో ఉండే లాక్టోన్లు, లవంగానికి యూజినాల్ కారణం. లవంగంలో ఉండేదీ ఆ యూజినాలే. కట్టెల పొగ వాసన గుయాకాల్ వల్ల వస్తుంది. లఫ్రోయిగ్ అనే పొగచూరిన ఐలా విస్కీ మూత తీయగానే గాయానికి కట్టు కట్టే గది గుర్తొచ్చేది పీట్ పొగలోని క్రెసాల్ వంటి ఫినాళ్ల వల్ల. అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన వచ్చిందంటే గంధకం. కొన్ని షెర్రీ పీపాల్లో ఇది దాగి ఉంటుంది, కొందరికి ఇష్టం, నాకు పడదు. పులియబెట్టడం, చెక్క, పొగ అనే మూడు గదుల్లో ఒకదాంట్లో వాసనను పెట్టగలిగితే పేరు దానంతటదే వస్తుంది. సీసా వెనక రాసిన పూల పేర్లు, మీరు ఎన్నడూ చూడని బెర్రీల పేర్లు అప్పజెప్పకండి. మీ ముక్కుకు తెలిసినదే రాయండి, తడిసిన అట్టపెట్టె అనిపిస్తే అదే రాయండి.

ఇంకో పరీక్ష ఉంది, ఇది ఒక్క చుక్క కూడా తాగకుండానే అవుతుంది. గ్లాసు ఖాళీ అయ్యాక కడగకుండా రాత్రంతా బల్ల మీద వదిలేయండి. పొద్దున్నే వాసన చూడండి. ఆల్కహాల్, తేలికపాటి పండ్ల పరిమళాలు ఎగిరిపోయి, బరువైనవి మాత్రమే అడుగున అంటుకుని ఉంటాయి. ఒక గ్లాసులో కాల్చిన చక్కెర, ఒకదాంట్లో చల్లారిన పొయ్యి బూడిద, ఒకదాంట్లో కొత్తగా రంపం పట్టిన చెక్క. రాత్రి వాదించుకున్న విషయాలు చాలావరకు ఈ ఎండిన గ్లాసుల దగ్గర తేలిపోతాయి.

నోటితో, తర్వాత నీళ్లతో

మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికే. దాని గురించి ఏమీ రాయకండి. రెండోది చిన్నగా తీసుకుని, నాలుక అంతటా తగిలేలా కొన్ని సెకన్లు ఉంచి, మింగి, నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. రుచిగా మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ఆ గాలితోనే తెలుస్తుంది. పల్చగా ఉందా, నూనెలా ఉందా? చిగుళ్లు పట్టేసినట్టు వగరు ఉందా? ఉంటే అది చెక్కలోని టానిన్. రెండు గ్లాసుల్లో ఏది ముందు నోట్లోంచి మాయమైంది? గడియారం అక్కర్లేదు, పోలిక చాలు.

ఇప్పుడు నీళ్లు. నీళ్లు కలిపితే విస్కీ పాడవుతుందనే వీరులను నేను పట్టించుకోను. మిశ్రమాలు తయారుచేసే నిపుణులే నమూనాను 20 శాతం దాకా పలుచన చేసి వాసన చూస్తారు. అంత పలుచనలో ఆల్కహాల్ పక్కకు తప్పుకుంటుంది, లోపాలు దాక్కోలేవు. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో కంప్యూటర్ నమూనాలతో దీని వెనక ఒక కారణం చూపించారు: ఆల్కహాల్ గాఢత ఎక్కువగా ఉన్నప్పుడు గుయాకాల్ అణువులు ద్రవం లోపలికి పోతాయి, 45 శాతం, అంతకంటే తక్కువ గాఢతలో ఉపరితలానికి చేరతాయి. ఉపరితలానికి చేరినదే కదా ముక్కుకు అందేది.

పిల్లలకు మందు వేసే డ్రాపర్ ఒకటి సంపాదించండి. గ్లాసును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, శుద్ధమైన, ఏ వాసనా లేని నీళ్లు ఒక్క చుక్క వేయండి. చుక్క పడ్డచోటి నుంచి పారదర్శకమైన దారాలు మెలికలు తిరుగుతూ లోపలికి దిగుతాయి. రెండు ద్రవాల్లో కాంతి వంగే తీరు వేరు కావడం వల్ల అలా కనిపిస్తుంది. దారాలు సర్దుకునేదాకా ఆగి వాసన చూడండి. ఇంకో రెండు చుక్కలు, మళ్లీ వాసన. 50 శాతం పైన ఉన్నదాంట్లో ఇలా వేస్తూ పోతే ఒక దశలో ఘాటు తగ్గి పండు బయటికి వస్తుంది, అక్కడ ఆగండి. ఇంకా వేస్తే పల్చబడి చప్పగా అవుతుంది. కొన్ని సీసాల్లో నీళ్లు పడగానే సన్నని మసక కమ్ముతుంది. అది లోపం కాదు. చల్లబరిచి వడకట్టని విస్కీలో కొవ్వు ఆమ్లాల నుంచి ఏర్పడే ఎస్టర్లు అనే పదార్థాలు మిగిలి ఉంటాయి. ఆల్కహాల్ శాతం పడిపోతే అవి కరిగి ఉండలేక తేలతాయి. అలా వడకట్టనివాటిని 46 శాతం దగ్గరో అంతకంటే పైనో సీసాలకు ఎత్తడానికి కారణం ఇదే.

శాతాలు వేరైన రెంటిని పోల్చాలంటే ముందు వాటిని సమానం చేయాలి. లెక్క చిన్నదే. 58 శాతం ఉన్నది 20 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో ఆల్కహాల్ 11.6. దాన్ని 0.40తో భాగిస్తే 29. అంటే 9 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 40 శాతం అవుతుంది. లఫ్రోయిగ్ 10ని, పీపాలోని గాఢతతోనే సీసాకు ఎత్తిన లఫ్రోయిగ్ 10 పక్కన ఇలా సమానం చేసి పెట్టి చూడండి. "గాఢంగా ఉన్నది బాగుంది" అన్నవాళ్లకు నచ్చింది రుచో, మంటో అప్పుడు తెలుస్తుంది.

ఐసు పోలికకు పనికిరాదు. చల్లదనానికి పరిమళం మూతపడుతుంది. పోలిక అయిపోయాక మీ గ్లాసు, మీ ఇష్టం.

పేరు దాచి

ఇదంతా అయ్యాక, మిమ్మల్ని మీరు నమ్మవచ్చో లేదో పరీక్షించుకోండి. ఇంట్లో ఇంకొకరిని మూడు గ్లాసులు పోయమనండి: రెంట్లో ఒకే విస్కీ, మూడోదాంట్లో వేరేది. గ్లాసుల అడుగున అంకెలు అంటించి, మీరు చూడకుండా వరస మార్చాలి. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి, అంతే. ఆహార పరీక్షల్లో వాడే త్రికోణ పరీక్ష ఇదే. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి నిజమవుతుంది కాబట్టి కొన్నిసార్లు చేయాలి. వేరైనదాన్ని పట్టుకోలేకపోతే, ఆ రెంటి మధ్య తేడా గురించి మీరు రాసుకున్న వర్ణన అంతా ఊహే. ఒకే ఇంటి 12, 15 ఏళ్ల సీసాలతో ఈ పరీక్ష చేస్తే మాటకారులు కూడా మౌనం పాటిస్తారు.

రుచులు రాసుకునే నా నోటు పుస్తకంలో నేను మార్కులు రాయను. నూటికి 87 వచ్చిన విస్కీకి, 88 వచ్చినదానికి తేడా ఏమిటో చెప్పినవాళ్లను ఇంతవరకు చూడలేదు. "ప్రామాణికం కంటే తీపి ఎక్కువ, పండు తక్కువ, వగరు చాలా ఎక్కువ, నీళ్లకు తట్టుకుంది" అని ఒక వరస రాస్తాను. ఆరు నెలల తర్వాత చదివినా అర్థమవుతుంది. సీసా మూత తీసిన తేదీ కూడా రాయాలి. మూడో వంతు కంటే తగ్గిన సీసాలో గాలి ఎక్కువై రుచి మెల్లగా మారుతుంది. అంత తగ్గితే చిన్న సీసాలోకి అంచుదాకా మార్చేయండి. సీసా నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. ఎండ తగలని చోటు చాలు.

చివర్లో గ్లాసుల్లో మిగిలినవి పారబోయకండి. పొగ లేనిదాన్ని 10 మిల్లీలీటర్లు కొలిచి, పొగ ఉన్నదాన్ని డ్రాపర్‌తో ఒక్కో చుక్క వేస్తూ వాసన చూడండి. మొదటి చుక్కలకు పొగ అని తెలియదు, పండు మాత్రం కాస్త చిక్కబడినట్టు ఉంటుంది. ఇంకొన్ని వేశాక పొగ ఒక్కసారిగా పైకి వస్తుంది. ఆ మలుపు ఎన్నో చుక్క దగ్గర వచ్చిందో పుస్తకంలో రాసుకోండి, వేరే జంటతో చేసినప్పుడు ఆ అంకె మారుతుంది.